ఫయీనా కాపలా కాసిన వేడి

ఫయీనా మంచం పక్కనుంచే ఆమె మాజీ మొగుడూ, అతని కొత్త పెళ్లామూ రోజూ తమ గదిలోకి వెళ్లేవారు. వేరే దారి లేదు. ఆ ఇంటికి ఉన్నవి రెండే గదులు, ఒకదాని వెనక ఒకటి. విడాకులు ఇచ్చిన జడ్జి ముందు గది ఆమెకనీ లోపలి గది మొగుడు గ్లేబ్‌కనీ తేల్చింది. ఫ్యాక్టరీ ఇచ్చిన ఇల్లు కాబట్టి ఇంకో చోటు కావాలంటే ఇళ్ల కమిటీని అడగాలి. కమిటీ వాళ్లు "వరసలో ఉండండి" అన్నారు. ఓమ్‌స్క్‌లో ఆ వరసలో పేరు రాయించుకుని, మనవల పెళ్లిళ్లు కూడా చేసేసినవాళ్లు ఉన్నారు.

ఆ ఫ్యాక్టరీకి ఊళ్లో పేరంటూ లేదు. పోస్టు పెట్టె నంబరు మాత్రం ఉండేది. అందుకని జనం దాన్ని ‘పెట్టె’ అనేవారు. "మావాడు పెట్టెలో చేస్తాడు" అంటే ఇంకేమీ అడగకూడదని అందరికీ తెలుసు. పెట్టెలో ఫయీనా పని వేడికి కాపలా కాయడం.

స్ఫటికాన్ని పల్చటి బిళ్లగా కోసి, పైన లోహం పూత పూసి కరెంటు తగిలిస్తే అది సెకనుకు లక్షలసార్లు వణుకుతుంది. ఆ వణుకు ఎప్పుడూ ఒక్క తీరుగా ఉండాలి. పైన తిరిగే ఉపగ్రహమూ కింద వినే యంత్రమూ ఆ వణుకును నమ్ముకునే మాట్లాడుకుంటాయి. స్ఫటికానికి చలి పడదు, ఎండా పడదు. ఒక్కో బిళ్లకు ఒక్కో వేడి నచ్చుతుంది. ఆ వేడి దగ్గర ఉంచితే కాస్త అటూ ఇటూ అయినా పట్టించుకోదు. అందుకని దాన్ని చిన్న వేడి డబ్బాలో పెడతారు, ఆ డబ్బాను మరో డబ్బాలో పెడతారు. బయట ఇర్తిష్ నది గడ్డకట్టినా లోపలి బిళ్ల మాత్రం ఎనభై డిగ్రీల వెచ్చదనంలో పడుకుని ఉంటుంది. అయినా కొత్తలో దాని లెక్క రోజూ ఓ వెంట్రుకవాసి జారుతూనే ఉంటుంది. ఆపకుండా నెలల తరబడి వెలిగించి ఉంచితే ఆ జారుడు నెమ్మదిస్తూ వస్తుంది. మధ్యలో ఒక్కసారి చల్లారిందా, మళ్లీ వేడెక్కినా పాత చోటికి రాదు. కాపలా అంతా బూడిదలో పోసిన పన్నీరే.

అలా డబ్బాలను ముదరబెట్టే గదికి ఫయీనా పెద్దదిక్కు. డబ్బాలకు రూపం కట్టేవాడు గ్లేబ్ ఆర్కాదియెవిచ్. ఇద్దరూ తోమ్‌స్క్‌లో చదివారు, అక్కడే రిజిస్టరు పెళ్లి చేసుకుని ఇక్కడికి వచ్చారు. అప్పట్లో సాయంత్రాలు అతను వంటింటి బల్ల మీద గీతలు గీస్తుంటే ఆమె ఎదురుగా కూచుని బంగాళాదుంపలు చెక్కు తీసేది. ఇప్పటి డబ్బా ఇటుకంత ఉంటుందనీ, తను దాన్ని గుప్పిట్లో పట్టేంత చేస్తాననీ అతను చెప్పేవాడు. ఆమె నమ్మింది. ఆ నమ్మకానికి తన ఒంటితో ఖరీదు చెల్లించింది.

"నెల తప్పింది గ్లేబ్" అని ఆమె చెప్పిన రోజు అతను పెన్సిల్ కింద పెట్టలేదు.

"ఇప్పుడా?"

"ఇప్పుడే తప్పింది మరి. నేనేం చెయ్యను?"

"ముందు డబ్బా బయటికి రానీ ఫాయా. ఒక్క గదిలో పసిపిల్ల ఏడుస్తుంటే నేను గీతలు గీసినట్టే! పిల్లలకేం, ఎప్పుడైనా పుడతారు."

ఆమె ఆస్పత్రికి వెళ్లొచ్చింది. రెండోసారి అతను ఆ మాట కూడా అనక్కర్లేకపోయింది, తనే వెళ్లొచ్చింది. ఆ తర్వాత వాళ్లకు రెండు గదుల ఇల్లొచ్చింది, డబ్బా మొదటి నమూనా వచ్చింది. బిడ్డ మాత్రం రాలేదు. డాక్టరమ్మ తలెత్తకుండానే "ఇక ఉండదు. లే, తర్వాతామెను పంపించు" అంది.

విడాకుల కోర్టులో "పిల్లలున్నారా?" అని జడ్జి అడిగినప్పుడు గ్లేబ్ "లేరు. పుట్టలేదు" అన్నాడు. ఫయీనా అతనివంక చూసింది. అతను చెవుల టోపీని చేతుల్లో తిప్పుకుంటూ కిటికీలోంచి ట్రామును చూస్తున్నాడు.

కొత్తామె పేరు ఇనెస్సా. టెక్నికల్ స్కూలు ముగించి నేరుగా ముదరబెట్టే గదికే వచ్చిన పిల్ల. మీటలు ఏవో, దీపాలు ఏవో, ఏ డబ్బా మీద చెయ్యి వెయ్యకూడదో అన్నీ ఫయీనాయే దగ్గరుండి నేర్పింది. ఇంటికి పిలిచి పెల్మెనీ అనే మాంసం కుడుములు వండి పెట్టింది కూడా. ఆ పిల్ల ఆ బల్ల దగ్గరే గ్లేబ్‌ను మొదటిసారి చూసింది.

ఇనెస్సా సామానుతో వచ్చిన రోజున గ్లేబ్ ఇద్దరినీ వంటింట్లో కూచోబెట్టాడు.

"మనం చదువుకున్నవాళ్లం" అన్నాడు. "సంతలో ఆడాళ్లలా జుట్లు పట్టుకోవద్దు. పొయ్యి పొద్దున మాది, సాయంత్రం నీది. బాత్రూము ఎవరు ముందు లేస్తే వాళ్లది. సరేనా ఫాయా?"

"సరే."

"చూశావా? నేను చెప్పలా, ఫాయా మంచి మనిషని" అన్నాడతను ఇనెస్సాతో, కొత్త యంత్రం బాగా పనిచేసినప్పుడు నవ్వే నవ్వు నవ్వి.

వారం తిరక్కుండా ఇనెస్సా ఓ కోరికతో వచ్చింది. పిల్లకు సిగ్గుగానే ఉంది, కానీ అడక్కుండా ఉండలేకపోయింది.

"ఫయీనా పెత్రోవ్నా, ఏమీ అనుకోకండేం. మేం లోపలికి వెళ్లేటప్పుడు మీరు గోడవైపు తిరిగి పడుకుంటారా? మీరు అలా చూస్తూంటే నాకు బెరుగ్గా ఉంటోంది."

"దీపం ఆర్పేస్తాలే. నా కళ్లు కనపడవు."

"చీకట్లో మీ కుర్చీ కాలికి తగులుతుంది కదండీ."

ఆ రోజు నుంచి ఫయీనా గోడవైపు తిరిగి పడుకుంది. గోడ కాగితం మీద వెలిసిన పువ్వులుండేవి. వాటికేసి చూస్తూ వెనక నడుస్తున్న రెండు జతల కాళ్లను వినేది.

పెట్టెలో ఇలాంటివి దాగవు. పూతల షాపులో కపితోలినా అని ఒకావిడ ఉండేది. గొంతూ పెద్దదే, నోరూ పెద్దదే. ఫ్యాక్టరీ ఆడవాళ్ల పాటల బృందం ఆమె చేతి కింద ఉండేది. ఫయీనా అందులో రెండో వరసలో పాడేది.

"ఏమే ఫాయా, మీ గదిలో టికెట్లు కొట్టకూడదటే? ట్రాములో అయితే ఊరికే ఎక్కనిస్తారా?" అనేది కపితోలినా.

ఆడవాళ్లంతా పగలబడి నవ్వేవాళ్లు. ఫయీనా కూడా నవ్వేది. నవ్వకపోతే ఇంకా ఎక్కువ అంటారని ఆమెకు తెలుసు.

"అది కాదే కపితోలినా, కండక్టరుకు రాత్రి డ్యూటీ కూడానా?" అనేది ఇంకొకామె. మళ్లీ నవ్వులు.

ఇనెస్సాకు ఆడపిల్ల పుట్టింది. తాస్యా అని పేరు పెట్టారు. ఇక కాళ్లతోబాటు పిల్లబండి చక్రాలు కూడా ఆ గదిలోంచి దొర్లడం మొదలైంది. కరిగిన మంచు, మట్టి ఫయీనా చాప మీద రెండు చారలుగా పడేవి. ఆమె రోజూ తుడిచేది. గ్లేబ్ పిల్లను ఎత్తుకుని ఆమె గది మధ్యలో నిలబడి ఊపుతూ "ఎవరే నా బంగారం? ఎవరే నా బుజ్జిముక్కు?" అని ముద్దులాడేవాడు. లోపలి గది ఇరుకు, ఈ గదిలోనే కాస్త చోటుండేది. ఇలాంటి మనిషి అతనిలో ఉన్నాడని ఫయీనాకు అంతకుముందు తెలీదు. తన రెండు బిడ్డల వేళ ఈ మనిషి ఎక్కడికి పోయాడో ఆమెకు అంతుపట్టలేదు. ఆమె మనసు విరిగింది కోర్టులో కాదు, ఇక్కడ, ఆ బుజ్జిముక్కు దగ్గర.

ఆ ఏడాది చలికాలానికి గ్లేబ్ చిన్న డబ్బా తయారైంది. మూడు డజన్ల డబ్బాలను ముదరబెట్టే గదిలో బీరువాల మీద వరసగా వెలిగించారు. సైన్యం తరఫున సరుకు ఒప్పుకునే మేజర్ వసంతంలో వస్తాడు. అప్పటిదాకా అవి ఆరకుండా ఉండాలి. వాటి జారుడు ఎంతో లెక్కగట్టే యంత్రాలు పక్క గదిలో ఉండేవి. ఆ గది తాళం గ్లేబ్ దగ్గర. ఆడవాళ్లిద్దరి పని వేడిని కాయడమే. పొద్దున ఫయీనా, మధ్యాహ్నం నుంచి ఇనెస్సా. మధ్యాహ్నం తాళంచెవి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారేది. అప్పుడు ఇద్దరూ "దీపాలన్నీ బాగున్నాయి", "మంచిది" అని రెండే రెండు ముక్కలు అనుకునేవారు. గదిలో మనిషి లేకుండా క్షణం ఉండకూడదని నియమం. కరెంటు పోతే దీపాలు ఆరతాయి. అప్పుడు ఉన్న మనిషి బ్యాటరీ మీట వేయాలి. అంతే పని. కానీ ఆ మనిషి అక్కడ ఉండి తీరాలి.

మహిళా దినోత్సవం దగ్గర పడుతోంది. పాటల బృందం రోజూ మధ్యాహ్నం సాధన చేస్తోంది. అలాంటి ఓ రోజు ఫయీనా తాళంచెవి అప్పజెప్పి కోటు తొడుక్కుంటుంటే వరండాలో ఫోను మోగింది. ఆమే తీసింది. శిశుశాల నుంచి. తాస్యాకు ఒళ్లు పేలిపోయే జ్వరం, ఫిట్సు వచ్చేలా ఉంది, తల్లిని వెంటనే పంపండి అన్నారు.

ఫయీనా వెనక్కి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఇనెస్సా మొహం తెల్లబడింది.

"గ్లేబ్ ఎక్కడ?"

"మేజర్ ఆఫీసుకు వెళ్లాడు. సాయంత్రానికి గాని రాడు."

"అయ్యో! ఇక్కడ వదిలి ఎలా వెళ్లను? పర్మిషన్ ఎవరిస్తారు?"

"పర్మిషన్ కోసం తిరిగేసరికి సాయంత్రమవుతుంది" అంది ఫయీనా. "వెళ్లు. నేను కూచుంటా."

ఆ మాట అన్నప్పుడు ఆమె మనసులో ఇంకేమీ లేదు. నిజంగానే కూచుందామనుకుంది. ఇనెస్సా ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"ఫాయా... ఫాయక్కా! నేను మీకు ఎంత అన్యాయం చేశానో నాకు తెలుసు. మీరు నన్ను..."

"వెళ్లు ముందు."

"మీరు తల్లి లాంటివారు. పిల్లంటే ఏమిటో మీకు తెలుసు."

ఇనెస్సా ఆ మాట మంచికే అంది. ఏడుస్తూ, తాళంచెవిని బల్ల మీదే వదిలి, శాలువా సగం నేల మీద ఈడ్చుకుంటూ, మెట్లు దిగి పరుగెత్తింది. ఫయీనా కుర్చీలో కూచుంది. ఎదురుగా మూడు డజన్ల చిన్న దీపాలు. పిల్లంటే ఏమిటో మీకు తెలుసు. ఆమె ఆ మాటను నోట్లో గులకరాయిలా అటూ ఇటూ తిప్పుకుంది. కాసేపటికి లేచి, బీరువా వెనక్కి వెళ్లి, పింగాణీ ఫ్యూజును పట్టుకుని ఎడమవైపు తిప్పింది. ఊడదీయలేదు. దానంతట అదే వదులైనట్టు, ఒక్క పిసరు. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరాయి.

గది ఎంత నిశ్శబ్దమైందో చూసి ఆమెకే ఆశ్చర్యం వేసింది. ఆ డబ్బాలు గుర్రుమంటాయని ఇన్నేళ్లూ గమనించనేలేదు. తలుపుకు తాళం వేసి, చెవిని ఇనెస్సా వచ్చి చూసే చోట, వరండాలో నీటి బకెట్టు కింద పెట్టి, పాటల సాధనకు వెళ్లింది. రెండో వరసలో తన చోట నిలబడింది. "ఆలస్యమేం?" అని కపితోలినా కళ్లెగరేస్తే, "జడ ఊడింది" అంది. ఆ రోజు చాలా బాగా పాడింది కూడా.

పిల్ల ఆస్పత్రిలో తేరుకుంది. ఇనెస్సా పిల్లను తన తల్లికి అప్పజెప్పి సాయంకాలం పరుగున వచ్చేసరికి గది చీకటిగా ఉంది. డబ్బాల మీద చెయ్యి వేసి చూసింది. శవాల్లా చల్లగా ఉన్నాయి.

విచారణ పెట్టారు. ఫ్యూజు వదులై దీపాలు ఆరాయనీ, మీట వేసే మనిషి గదిలో లేదనీ తేలింది. చీఫ్ ఇంజనీరు ఇగ్నాతిచ్ బల్ల తల దగ్గర కూచున్నాడు. పక్కన గ్లేబ్. వాకిలి కాపలావాడు ఇనెస్సా మధ్యాహ్నమే బయటికి పోయిందని చెప్పాడు.

"ఫయీనా పెత్రోవ్నా వెళ్లమంది, ఆవిడే కూచుంటానంది!" అని ఇనెస్సా అరిచింది.

"నేను చెవి ఇచ్చి సాధనకు పోయాను" అంది ఫయీనా.

"అవును, మాతోనే ఉంది" అంది కపితోలినా. "నా ఎదురుగా నిలబడి పాడింది. ఏమే అమ్మాయ్, ఆవిడ మొగుణ్ని తీసుకున్నావు, మంచం పక్కన తోవ తీసుకున్నావు. ఇప్పుడు నీ తప్పు కూడా ఆవిడ నెత్తినే పెడతావా? అది నోరా, తాటిమట్టా?"

"దేవుడి తోడు! ఆవిడే నన్ను పంపింది. గ్లేబ్, నువ్వు చెప్పు. నేను అబద్ధం ఆడతానా?"

అందరూ గ్లేబ్ వంక చూశారు. అతను అద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"నా భార్య కాబట్టి నేను వెనకేసుకు రాకూడదు" అన్నాడు. "డ్యూటీలో ఉన్నది ఆమె. గది వదిలింది ఆమె."

ఇనెస్సా నీళ్లు చల్లిన నిప్పులా చప్పబడిపోయింది.

ఆమెను పూతల షాపుకు మార్చారు. ఆమ్లాల తొట్లు, పొగలు, కపితోలినా. గోడ పత్రికలో ఆమె బొమ్మ వేశారు. బజారు సంచీ పట్టుకుని పరుగెత్తే ఆడది, వెనక బీరువాలకు మంచుసూదులు వేలాడుతున్నాయి. పిల్లకు ఫిట్సు వచ్చిందని అందరికీ తెలుసు. అయినా బొమ్మలో చేతికి సంచీయే ఇచ్చారు, నవ్వు రావడానికి. షాపులో ఆడవాళ్లు ఆమె చేతి తొడుగులు దాచేసేవారు. "వెళ్లి ఫయీనాను అడుగు, ఆవిడే తీసుంటుంది" అనేవారు.

ఇంట్లో ఇనెస్సా ఫయీనాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఫయీనా మంచం దాటి వెళ్లేటప్పుడు మాత్రం అడుగులు నెమ్మదించేవి. ఫయీనా ఇప్పుడు గోడవైపు తిరిగి పడుకోవడం లేదు. ఆ పిల్ల కళ్లలోకి నేరుగా చూసేది. మొదటి కొన్ని వారాలు ఆమెకు హాయిగానే ఉంది. తిన్నది ఒంటబట్టింది. పశ్చాత్తాపం అంటారే, దాని జాడ కూడా లేదు. గ్లేబ్ డబ్బా పోయింది, గ్లేబ్ కాపురం పోతోంది, ఇంకేం కావాలి అనుకుంది.

మంచు కరిగే రోజుల్లో ఓ మధ్యాహ్నం గ్లేబ్ ఆమెను పెట్టె పెరట్లో, పొగతాగే బల్ల దగ్గర ఆపాడు. ఎండ బాగా కాస్తోంది. అతని మొహం కూడా వెలుగుతోంది.

"మేజర్ ఏడాది గడువిచ్చాడు" అన్నాడు.

"మంచిది."

"నీతో ఒక మాట అనాలి ఫాయా. మళ్లీ ఎప్పుడూ అనను." అతను గొంతు తగ్గించాడు. "ఆ ఫ్యూజు నేనే బిగించాను, నువ్వు దీపం పట్టుకున్నావు. అది దానంతట అది వదలదు."

ఇప్పుడు కొడతాడనుకుంది ఫయీనా. కొడితే బాగుండుననుకుంది.

"నువ్వు నన్ను బతికించావు" అన్నాడు గ్లేబ్.

"ఏంటి?"

"కొత్త సంవత్సరం దాటినప్పటి నుంచే అవి చెడిపోతున్నాయి. జారుడు తగ్గాల్సింది పోయి పెరుగుతూ వచ్చింది. వేడిని పసిగట్టే పూసను బిళ్లకు దూరంగా పెట్టాను, బిళ్లను పట్టే తీగలు కూడా తప్పు. పక్క గదిలో యంత్రం గీసే ఆ గీత చూసి రోజూ చచ్చేవాణ్ని. మేజర్ వచ్చి ఆ గీత చూస్తే నా పని అయిపోయేది. ఇప్పుడేమైంది? ఆ గీత ఎవరికీ చూపించక్కర్లేదు. పరీక్ష చెడింది నా వల్ల కాదు, డ్యూటీ వదిలి పోయిన పిల్ల వల్ల. ఏడాదిలో అన్నీ సరిచేస్తాను."

"ఇనెస్సా ఏం చేసింది నిన్ను?"

"చిన్నదే కదా, తట్టుకుంటుంది." అతను సిగరెట్ ఆర్పాడు. "నువ్వు కావాలని నాకోసం చెయ్యలేదని తెలుసు. అయినా మేలు మేలే. నువ్వు ఎప్పుడూ నా పనికి అడ్డు రాలేదు ఫాయా. ఇప్పుడు కూడా."

అతను భుజం తట్టి వెళ్లిపోయాడు. ఫయీనా ఆ బల్ల మీద కూలబడింది. రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లి అతని డబ్బాను బతికించింది. మూడోసారి పగ తీర్చుకుందామని వెళ్లి మళ్లీ దాన్నే బతికించింది.

మర్నాడే ఇగ్నాతిచ్ గదికి వెళ్లింది.

"ఆ రోజు ఫ్యూజు వదులు చేసింది నేను" అంది, కూచోకుండానే.

ఇగ్నాతిచ్ లేచి తలుపు వేసి వచ్చాడు. ముసలివాడు, ఏదైనా ఓపిగ్గా వింటాడని పేరు.

"ఎందుకు చెబుతున్నావిప్పుడు?"

"ఆ డబ్బాలు అంతకుముందే చెడిపోయాయి. గ్లేబ్‌కు తెలుసు. దాచాడు."

"అమ్మా ఫయీనా, ఈ వయసులో ఆడవాళ్లకు మనసు నిలకడగా ఉండదు. మాజీ మొగుడి మీద కోపం ఉంటుంది. నేను అర్థం చేసుకోగలను."

"నేను నిజం చెబుతున్నాను."

"నిజమే అనుకో. అయితే ఏమవుతుంది? నిన్ను పంపిస్తారు ఉత్తరాది ఖైదు శిబిరానికి, కాగితాల్లో దాన్ని కుట్ర అంటారు. నన్ను తీసేస్తారు. మేజర్ బల్లగుద్ది డబ్బా పనే మూసేస్తాడు. పెట్టెలో రెండొందలమంది ఏం తింటారు?" అతను గ్లాసులో టీ పోసి ఆమె ముందుకు జరిపాడు. "తాగు. తాగి వెళ్లి నీ దీపాలు చూసుకో."

"మరి ఆ పిల్ల?"

"ఏ పిల్ల?" అన్నాడు ఇగ్నాతిచ్. నిజంగానే అతనికి వెంటనే గుర్తురాలేదు.

ఆ సాయంత్రం వంటింట్లో ఇనెస్సా బీట్‌రూట్ తరుగుతోంది. చేతి వేళ్లు ఆమ్లానికి పగిలి, ఎరుపు రసంలో ఏది రక్తమో ఏది దుంపో తెలీకుండా ఉన్నాయి. ఫయీనా గుమ్మంలో నిలబడింది.

"ఇగ్నాతిచ్‌తో చెప్పేశాను. నేనే చేశానని."

కత్తి ఆగింది. ఇన్ని వారాల తర్వాత ఇనెస్సా మొదటిసారి ఆమెతో మాట్లాడింది.

"నమ్మాడా?"

"నమ్మాడు. కానీ పట్టించుకోడట."

"ఎవరి కోసం చెప్పావు? నా కోసమా?"

ఇక్కడ ఫయీనా ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. ఆమెకు చేతకాలేదు.

"గ్లేబ్‌ను పడగొడదామని."

ఇనెస్సా తల ఊపింది.

"నా కోసమని చెప్పి ఉంటే, అబద్ధమని తెలిసినా నీ కాళ్ల మీద పడి ఏడ్చేదాన్ని" అంది. "ఆ రోజు నా బిడ్డ కళ్లు తేలేసింది, తెలుసా నీకు? నేను దాన్ని ఎత్తుకుని బస్సులో పోతూ, నిన్ను తలుచుకుని దణ్ణం పెట్టుకున్నాను. పొయ్యి నీది, వాడుకో." తరిగిన దుంపలను అలాగే వదిలి లోపలికి వెళ్లింది.

గ్లేబ్ ఏడాదిలో డబ్బాను సరిచేశాడు. పూసను బిళ్ల దగ్గరికి జరిపాడు, తీగలు మార్చాడు. విభాగం పెద్ద అయ్యాడు, నదికి అవతలి గట్టున కొత్త ఇల్లొచ్చింది. ఆ ఇంటికి ఒక్కడే వెళ్లాడు. "ఇంట్లో నన్ను రోజూ దొంగలా చూస్తే నేను పని చేసుకోలేను" అని ఇనెస్సాకు చెప్పాడట. లోపలి గదిలో ఇనెస్సా, తాస్యా మిగిలారు. ముందు గదిలో ఫయీనా. అలా అయిదేళ్లు.

పిల్లకు ఇనెస్సా తన పగను ఉగ్గుపాలతో పట్టించింది. ఓ కొత్త సంవత్సరం నాడు ఫయీనా ఒక నారింజ తెచ్చి తాస్యా చేతిలో పెట్టింది. పిల్ల దాన్ని వాసన చూసింది. తర్వాత బల్ల మీద జాగ్రత్తగా పెట్టేసింది.

"వద్దు పెద్దమ్మా."

"ఏం తల్లీ? తియ్యగా ఉంటుంది."

"నీ చేతిది ఏదీ తినొద్దంది అమ్మ. నాకు జ్వరమొస్తే నువ్వు సంతోషిస్తావంట. నిజమా?"

పిల్ల జవాబు కోసం కాసేపు ఎదురుచూసి, నారింజ వంక ఓసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. ఆ పండు ఎండిపోయే వరకూ బల్ల మీదే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

పూతల షాపు పొగలకు ఇనెస్సా ఊపిరితిత్తులు పాడయ్యాయి. దగ్గు మొదలైతే రాత్రంతా ఆగేది కాదు. ఒకసారి ఫయీనా వేడి పాలు పట్టుకుని తలుపు తట్టింది. లోపలినుంచి గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది. తాస్యా బడిలో చేరిన ఏడు, తల్లీ కూతుళ్లు ఉత్తరాన తారా దగ్గర ఉన్న అమ్మమ్మ ఊరికి వెళ్లిపోయారు. వెళ్లేటప్పుడు ఇనెస్సా ఫయీనా గదిలోంచి మూటలు మోసుకెళ్లింది. ఒక్క చూపు కూడా ఇటు పడలేదు. రెండేళ్లకు ఆమె పోయిందని కపితోలినా చెప్పింది. చెబుతూ "పాపం, పని మాత్రం శుభ్రంగా చేసేది" అని ముక్కు చీదింది.

ఫయీనా పెన్షన్ వచ్చేదాకా ముదరబెట్టే గదిలోనే పనిచేసింది. బీరువాల నిండా గ్లేబ్ డబ్బాలే. ఉన్నచోట ఉన్నట్టు ఉండేవి, జారుడన్న మాటే లేదు. మంచి డబ్బాలు. ఆ సంగతి ఆమె కూడా కాదనలేదు.

గ్లేబ్ గుండె ఆగి పోయినప్పుడు పెట్టె సభామందిరంలో శవాన్ని ఉంచారు. ఎర్రగుడ్డ దిండ్ల మీద పతకాలు పెట్టారు. అప్పటికి ఇగ్నాతిచ్ లేడు. కొత్తగా వచ్చిన కుర్రకారుకు పాత కథలేవీ తెలీవు. "మీరే అందరికన్నా పాతవారు, రెండు మాటలు చెప్పండి" అని ఫయీనాను ముందుకు నెట్టారు. ఆమె శవపేటిక దగ్గర నిలబడి, "చెప్పిన డబ్బా చేశాడు. గుప్పిట్లో పట్టేంత చేశాడు" అంది. జనం ఇంకా ఏమైనా అంటుందేమోనని చూశారు. ఆమె వెనక్కి వచ్చేసింది.

తర్వాత క్యాంటీన్‌లో కర్మ భోజనాలు. తేనె కలిపిన గోధుమ అన్నం, అట్లు, వోద్కా. ఫయీనా తిని బయటికి వచ్చి మెట్ల మీద నిలబడితే ఓ యువతి పక్కనుంచి దిగి ఆగింది. పాతికేళ్ల లోపు ఉంటుంది. ఊరి నుంచి వచ్చినట్టు చేతిలో సంచీ, కాళ్లకు ఊలు బూట్లు. మొహం చూడగానే ఫయీనాకు తెలిసిపోయింది. అది గ్లేబ్ ముక్కే.

"తారా వైపు వెళ్లే బస్సు ఎక్కడాగుతుందండీ?" అని ఆ యువతి అడిగింది.

"రెండు వీధులు దాటి, కుడిచేతి వైపు" అంది ఫయీనా. "మీరు... ఆయనకు ఏమవుతారు?"

"కూతుర్ని. పెద్ద పరిచయం లేదు లెండి. మీరు ఆయన దగ్గర పనిచేశారా?"

"చేశాను."

"మంచివాడేనా?"

ఫయీనా ఆ మొహాన్ని చూసింది. ఆ చిన్నప్పటి కళ్లలో ఇప్పుడు పగ లేదు, గుర్తూ లేదు. చెప్పడానికి ఆమె దగ్గర చాలా ఉంది. అందులో ఒక్క ముక్క కూడా ఈ పిల్లకు ఇవ్వదగ్గది కాదు.

"త్వరగా వెళ్లండి. ఆఖరి బస్సు ముందే నిండిపోతుంది" అంది.

"వస్తానండీ" అని తాస్యా సంచీ భుజానికి ఎత్తుకుని వెళ్లిపోయింది. రెండో వీధి దగ్గర కుడికి తిరగాల్సింది ఎడమకు తిరిగింది. ఫయీనా పిలుద్దామని నోరు తెరిచింది. ఏమని పిలవాలో తోచక, ఆ పిల్ల ఇంకెవరినో అడిగి మళ్లీ వెనక్కి తిరిగేదాకా అక్కడే నిలబడి చూసింది.